కిబ్బుట్జ్‌లో జీతం లేని పని: ఇచ్చిపుచ్చుకోవడమా, చౌక కూలీయా?

కాలిబాట (ప్రశ్న):
మాంచెస్టర్‌లో చదువు ముగించుకుంటున్న మా చెల్లెలు, ఇంటికి వచ్చే ముందు రెండు నెలలు ఉత్తర ఇజ్రాయెల్‌లోని ఒక కిబ్బుట్జ్‌లో, అంటే సమష్టి వ్యవసాయ గ్రామంలో, స్వచ్ఛందంగా పనిచేయాలని అనుకుంటోంది. వారానికి 6 రోజులు, రోజుకు 6 నుంచి 8 గంటల పని. అందుకు ప్రతిగా ఉండడానికి గది, ఉమ్మడి భోజనశాలలో తిండి, కొద్దిపాటి చేతిఖర్చు ఇస్తారట. "కూలికి పోవడానికి విమానం ఎక్కాలా" అని నాన్నగారు కోప్పడుతున్నారు. నాకైతే ఇది న్యాయమైన ఇచ్చిపుచ్చుకోవడంగానే కనిపిస్తోంది. యుద్ధం, భద్రత సంగతులు ప్రభుత్వ సూచనలు చూసుకుని తేల్చుకుంటాం కనుక, ఈ ఏర్పాటులోని న్యాయాన్యాయాల గురించి మాత్రమే చెప్పవలసిందిగా మనవి.

మూడెకరాలు:
ఇచ్చిపుచ్చుకోవడం అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. మా ఊళ్ళో నాట్లప్పుడు రైతు కుటుంబాలు ఒకరి పొలానికి ఒకరు బదులు వెళ్ళేవి. ఈ రోజు నేను మీ మడిలో నాటిన పూటను రేపు మీరు నా మడిలో తీర్చేవారు. ఇద్దరికీ పొలం ఉంది కాబట్టి ఆ లెక్క సరిపోయేది. పొలం లేనివాడికి బదులు ఎక్కడిది, అతను కూలికే వెళ్ళాలి. మీ చెల్లెలు అక్కడ రెండు నెలలు పండ్లు కోసినందుకు ఆ కిబ్బుట్జ్ సభ్యులెవరూ వచ్చి మీ చేలో కలుపు తీయరు కదా. తిండికీ వసతికీ చాకిరీ చేయడాన్ని మన వైపు పాలేరుతనం అనేవారు. నాన్నగారి మాట కటువుగా ఉన్నా, ఆయన గుర్తుపట్టినది సరైనదాన్నే.

అరటిగెల:
మూడెకరాలు గారూ, పాలేరు పని మానేస్తానంటే తీసుకున్న అప్పు కాలికి అడ్డం పడేది. నేను 2011లో లండన్‌లో చదువు పూర్తయ్యాక అక్టోబరు నుంచి పది వారాలు గలిలీ ప్రాంతంలోని ఒక కిబ్బుట్జ్‌లో పనిచేశాను. నచ్చకపోతే మర్నాడే సంచి సర్దుకుని బస్సెక్కవచ్చు. మా జట్టులో ఇద్దరు అలాగే వెళ్ళిపోయారు, ఎవరూ ఆపలేదు.

మాది కోనసీమ, మాకు అరటితోట ఉంది. మా గెలలు రావులపాలెం మార్కెట్టుకు వెళ్ళడం చిన్నప్పటి నుంచీ చూశానే గాని ఒక్కదాన్నీ భుజాన మోయలేదు; మోయడానికి వేరే మనుషులు ఉండేవారు. అక్కడ తెల్లవారుజామునే ట్రాక్టరు వెనుక ట్రక్కులో ఎక్కించుకుని తోటకు తీసుకువెళ్ళేవారు. డెబ్బై ఏళ్ళ సభ్యుడొకాయన బోదె నడుమున కత్తితో చిన్న గాటు పెట్టేవాడు. చెట్టు మెల్లగా వంగుతుంటే నేను కింద భుజం పెట్టాలి. గెల ఆనగానే ఆయన కాడ తెగ్గొట్టేవాడు, ఆ బరువంతా ఒక్కసారిగా దిగి నా మోకాళ్ళు వణికేవి. అరటి జిగురు చొక్కాకు అంటితే ఆ మరక జన్మలో పోదని మా తోటలో కూలీలు అనుకునేవారు. అది నిజమేనని నాకు మధ్యధరా తీరాన తెలిసింది. ఇంటికి వచ్చాక మా గెలలు మోసే మనిషితో నేను మాట్లాడే తీరు మారింది. దీన్ని కూలి లెక్కలో ఎక్కడ వేస్తారు?

1910లో కిన్నెరెత్ సరస్సు ఒడ్డున మొదటి కిబ్బుట్జ్ దెగానియా ఏర్పడిన నాటి నుంచి, పరుల కూలి మీద బతకరాదు, మన పని మనమే చేసుకోవాలి అన్నది కిబ్బుట్జుల నియమంగా ఉండేది. 1967 యుద్ధంలో మగవాళ్ళు సైన్యంలోకి వెళ్ళి తోటలూ పశువుల కొట్టాలూ చూసేవారు కరువైనప్పుడు, విదేశాల యువత వచ్చి ఆ పని అందుకుంది. అప్పటి నుంచి ఇప్పటి దాకా అలా వెళ్ళినవారు మూడు లక్షలకు పైమాటే. అంతకు ముందు 1963లోనే, తరువాత అమెరికా సెనేటర్ అయిన బెర్నీ శాండర్స్ ఒక కిబ్బుట్జ్‌లో కొన్ని నెలలు ఉన్నారు. వీరంతా మోసపోయారంటే నేను ఒప్పుకోలేను.

మూడెకరాలు:
మోసపోయారని నేను అనలేదు. అయితే మీరు చెప్పిన ఆ నియమమే నా వాదనకు ఆధారం. కూలివాణ్ణి పెట్టుకోకూడదనుకున్న చోటికి కూలి అడగని పనివాడు రావడం ఎంత అనుకూలమో చూడండి: నియమమూ తప్పలేదు, పనీ ఆగలేదు. పైగా 1985లో ధరల పెరుగుదలను అణచడానికి ప్రభుత్వం ప్రణాళిక తెచ్చిన తరువాత, వడ్డీల భారంతో కిబ్బుట్జులు అప్పుల్లో కూరుకుపోయాయి; ఆ పైన వాటిలో ఎక్కువ భాగం, చేసే పనిని బట్టి సభ్యులకు వేర్వేరు జీతాలిచ్చే పద్ధతికి మారాయి. ఇంట్లోవాళ్ళే సమానంగా పంచుకోవడం మానేశాక, బయటి నుంచి వచ్చినవారు మాత్రం సమష్టి ఆదర్శం పేరిట ఉత్తినే పనిచేయాలనడం నాకు వింతగా ఉంది. మీ అనుభవం గొప్పదే, కాదనను. కాని గెల మోయడం నేర్చుకోవడానికి రావులపాలెం చాలదా?

జగిత్యాల ఆడపడుచు:
నేను ఆరేళ్ళుగా ఇజ్రాయెల్‌లో వృద్ధులను చూసుకునే పనిలో ఉన్నాను. ప్రస్తుతం నేను చూసుకుంటున్న పెద్దావిడ ఒక కిబ్బుట్జ్‌లో పుట్టి, అమ్మానాన్నల ఇంట్లో కాక అక్కడి ఉమ్మడి పిల్లల ఇంట్లో పెరిగిన మనిషి. పైన మీరిద్దరూ వలంటీరుకు నష్టమా లాభమా అని వాదిస్తున్నారు. నష్టం ఉంటే అది పక్కన నిలబడి పనిచేసేవాడికి. ఇక్కడ తోటల్లో అసలు భారం మోసేది థాయిలాండ్ కుర్రాళ్ళు. మా కిబ్బుట్జ్ ప్యాకింగ్ షెడ్డులోకి వలంటీర్లు దిగిన వారంలో ఆ కుర్రాళ్ళకు అదనపు గంటలు దొరకవు. ఇంటికి పంపే డబ్బు ఆ గంటల్లోనే ఉంటుంది. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో చనిపోయినవారిలో థాయి కార్మికులు ముప్పై మందికి పైగా ఉన్నారు. వ్యవసాయం నేర్చుకుంటూ సంపాదించుకోవడానికి వచ్చిన నేపాలీ విద్యార్థులు 10 మంది అలుమిమ్ కిబ్బుట్జ్‌లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తరువాత తోటల్లో మనుషులు లేని నెలల్లో ఉచితంగా కోతకు వచ్చినవారిని నేను తప్పుపట్టను, అప్పుడు చేయి అవసరమైంది. మామూలు రోజుల్లో మాత్రం, మీ చెల్లెలు చేయబోయే పని పోయిన ఏడాది ఎవరు చేశారో ముందు అడిగి తెలుసుకోమనండి.

పాతపటం:
పని సంగతి సరే, ఆ పని జరిగే నేల సంగతి కూడా ఈ ప్రశ్నలో భాగమే. లెబనాన్ సరిహద్దు దగ్గరి బరామ్ కిబ్బుట్జ్ 1949లో ఏర్పడింది. అంతకు ముందు ఏడాది నవంబరులో, పక్కనే ఉన్న కఫర్ బిరిమ్ అనే మారొనైట్ క్రైస్తవ గ్రామాన్ని, రెండు వారాల్లో తిరిగి రావచ్చని చెప్పి సైన్యం ఖాళీ చేయించింది. వారిని మళ్ళీ రానివ్వలేదు. 1953 సెప్టెంబరులో విమానాలతో ఆ ఊరి ఇళ్ళను కూల్చారు, చర్చి మిగిలింది. ప్రతి కిబ్బుట్జ్ కథా ఇదే అని నేను అనడం లేదు. వెళ్ళబోయే చోటు పాత పటంలో ఏ పేరుతో ఉండేదో చూసుకుని వెళ్ళడం, ఉచితంగా శ్రమ ఇచ్చేవారి బాధ్యత అంటున్నాను.

కాలిబాట:
అందరికీ కృతజ్ఞతలు. ఇది ఇచ్చిపుచ్చుకోవడమేనన్న నా నమ్మకం మొదట ఉన్నంత గట్టిగా ఇప్పుడు లేదు. పోయిన ఏడాది ఆ పని ఎవరు చేశారన్న ప్రశ్నను మా చెల్లెలు ఈ రోజే అక్కడికి రాసి పంపింది. జవాబు రావలసి ఉంది. అరటిగెల గారిని ఒక్కటి అడగాలి: కిబ్బుట్జ్‌లో నిర్ణయాలన్నీ సభ్యుల సభలో చేతులెత్తి తీసుకుంటారని చదివాను. మీకు ఆ సభలోకి ప్రవేశం ఉండేదా?

అరటిగెల:
ఒకసారి వెనుక వరుసలో కూర్చోనిచ్చారు, చేయి ఎత్తే హక్కు మాత్రం లేదు. ఆ రాత్రి చర్చ భోజనశాలలో గిన్నెలు కడిగే యంత్రాన్ని మార్చాలా వద్దా అని. మధ్యాహ్నం పూట దాని ఆవిరిలో నిలబడేది మేము నలుగురం వలంటీర్లమే, అది ఎక్కడ ఆగిపోతుందో, ఏ పళ్ళెం ఇరుక్కుంటుందో మాకే తెలుసు. రెండు గంటలు మాట్లాడుకుని, వచ్చే ఏడాది చూద్దామని వాయిదా వేశారు.