పాలిచ్చే వాళ్లకి కుర్తీలు ఇంట్లోనే కుట్టుకోవాలంటే ప్యాటర్న్ ఎట్ట మార్చుకోవాలి?

కావలి కోడలు:
అక్కలూ నమస్తే, నాకిప్పుడు ఏడో నెల, కాన్పుకి మా అమ్మ వాళ్లింటికి కందుకూరు పోతా ఉన్నా, డేట్ ఏప్రిల్ ఆఖర్లో ఇచ్చారు అంటే రోహిణి కార్తెకి పచ్చి బాలింతని, తల్చుకుంటేనే చెమటలు పడతా ఉన్నాయి. షాపుల్లో ఫీడింగ్ కుర్తీలు చూశా గానీ అన్నీ పాలిస్టర్ కలిసిన గుడ్డలే, జిప్పు చూస్తే అరచేతి పొడుగు కూడా లేదు, రేటేమో మామూలు కుర్తీకి డబల్. అమ్మ దగ్గర తొక్కే మిషన్ ఉంది, నాకు లంగాలు, నైటీలు, స్ట్రెయిట్ కట్ కుర్తీ దాకా వచ్చు కాబట్టి నేనే కుట్టుకుందాం అని నెట్లో ఒక ఫారిన్ ప్యాటర్న్ పీడీఎఫ్ దింపుకున్నా, రెండు పొరల టాప్, పై పొర ఎత్తితే లోపల ఓపెనింగ్ ఉంటది. ప్రింట్లు తీసి అతికించా కూడా. ఇప్పుడొచ్చింది తంటా. దాంట్లో నిట్ ఫ్యాబ్రిక్ అని రాసుంది, నేనేమో చీరాల పొయ్యి మంచి కాటన్ తెచ్చుకున్నా. కుట్టుకి వదిలే మార్జిన్ కలిపి గీశారా, మనం వదలాలా అర్థం కాలా. కొలతలు ఇప్పుడియ్యి పెట్టుకోవాలా, కాన్పయ్యాక తీసుకోవాలా? మా అత్తమ్మ అయితే "జాకెట్టుకి ముందే హుక్కులుంటాయి గదా, పైట అడ్డముంటది, ఇంక ఈ గోలంతా దేనికి" అంటది. నిజమే గానీ ఆపరేషన్ అయితే బొందు కట్టుకోలేవు అని మా వదిన ఇప్పట్నుంచే భయపెడతా ఉంది. ఎవరన్నా కుట్టుకున్నవాళ్లుంటే చెప్పండి.

ఒంగోలు మిషనక్క:
అమ్మా ముందు ఆ కత్తెర పక్కన పెట్టు. నిట్ అంటే బనీన్ గుడ్డలాగా సాగేది, దానికి గీసే ప్యాటర్న్ ఒంటి కొలతకి సమానంగానో ఇంకా తక్కువగానో ఉంటది, గుడ్డ సాగి సరిపోద్ది అని లెక్క. అదే కాగితం పెట్టి నీ చీరాల కాటన్ కోస్తే చంకలు కూడా ఎక్కదు. కాటన్‌కి ఛాతీ చుట్టుకొలత మీద కనీసం మూడు నాలుగు ఇంచీల లూజు కావాల. ఒక సైజు పెద్దది కోద్దాం అనుకుంటావేమో, అట్ట చేస్తే మెడా భుజాలూ జారిపోతాయి, దానికన్నా నీకు సరిగ్గా పట్టే పాత కాటన్ కుర్తీ ఒకటి తీసి దాన్నే కాగితం మీద గీసుకో. ఓపెనింగ్ ఐడియా ఒకటీ ఆ పీడీఎఫ్ లోది వాడుకో, చాలు.

మార్జిన్ సంగతి, ఫారిన్ ప్యాటర్న్లలో ఎక్కువ భాగం కలిపే ఇస్తారు, ఒకటిన్నర సెంటీమీటర్ ఉంటది సాధారణంగా, మొదటి పేజీలో రాసుంటది చూడు. మనం పక్కలకి ఇంచీ ఇంచీన్నర వదులుతాం గదా, వాళ్లు అంత వదలరు. ప్రింట్లో ఒక చదరం గీసుంటది, స్కేలు పెట్టి కొలువు, దాని మీద రాసిన కొలతకి తేడా వచ్చిందంటే ప్రింటర్ సైజు తగ్గించేసినట్టే, మొత్తం మళ్లీ తియ్యాల్సిందే.

నేను మా వాళ్లకి కుట్టిచ్చేది ప్రిన్సెస్ కట్టు. భుజం మధ్యలోంచి చెస్ట్ పాయింట్ మీదగా కిందదాకా గీత గీసి కాగితాన్ని ఆ గీత మీద కోసెయ్, రెండు ముక్కలకీ ఆ అంచున అర ఇంచీ కలుపుకో. జిప్పు ఆ కుట్టులోనే దాక్కుంటది, పాయింట్ పైన మూడించీలు, కింద ఐదు, మొత్తం ఎనిమిది, అంతకన్నా తగ్గించబాక. పొట్టి జిప్పు పెడితే బిడ్డ మొహానికి పళ్లు రాసుకుంటాయి. ఇనప జిప్పు అసలొద్దు, నైలాన్ది తీసుకో. పల్చటి కాటన్ మీద జిప్పు కుడితే అల అలగా లేస్తది, దానికి ముందు గుడ్డ వెనక సన్నటి ఫ్యూజింగ్ పట్టీ ఇస్త్రీ పెట్టి అతికించు, తర్వాత ఆ ఎనిమిదించీలు పెద్ద కుట్టుతో మూసేసి, ఇస్త్రీ చేసి, జిప్పు వెనక పెట్టి, మిషన్‌కి జిప్పు కుట్టే ఒకపక్క పాదం బిగించి రెండు వైపులా కుట్టి, ఆ పెద్ద కుట్టు ఊడదీసెయ్. జిప్పుకీ ఒంటికీ మధ్య రెండించీల మెత్తటి పట్టీ ఒకటి తప్పకుండా వెయ్యాల.

గూడూరు అమ్మడు:
మిషనక్క చెప్పిందాంట్లో అంతా ఒప్పుకుంటా గానీ జిప్పు నాకు పడలేదబ్బా. అర్ధరాత్రి కరెంట్ పొయ్యి, బిడ్డ ఏడస్తా ఉంటే ఒక చేత్తో జిప్పు వెతుక్కోవడం ఎట్టుంటదో కుట్టేవాళ్లకి తెలీదు 😀 నేను రెండు పొరలే కుట్టుకున్నా, కాటన్ తోనే. చేసిందల్లా ఏందంటే పై పొరని ఛాతీ కింద దాకా, అంటే లోపలి కుట్టు దాటి ఇంకో రెండించీలు కిందకి వచ్చేటట్టు పెట్టి, కింద అంచు ఏ లైన్ లాగా కొంచెం వెడల్పు చేశా. సాగని గుడ్డ గదా, బిగుతుగా ఉంటే పైకి ఎత్తలేం, అదీ కిటుకు. లోపలి పొరకి రెండు పక్కలా చంక వైపు నుంచి గుండ్రంగా కోసి అంచుకి క్రాస్ పట్టీతో పైపింగ్ వేశా. లోపల పొరకి మల్ కాటన్, అంటే పల్చటి మెత్తటిది వాడితే ఉక్క పెద్దగా తెలీదు, పై పొరకి నీ చీరాల గుడ్డ వాడుకో. పై పొరకి ప్రింట్ ఉండేది, ముదురు రంగుది అయితే ఇంకా మంచిది, పాలు కారిన మరకలు కనపడవు. లేత గులాబీ రంగు ప్లెయిన్ జోలికి మాత్రం పోబాక.

ఇంకోటి, ఎవరన్నా చూడ్డానికి వస్తే (వస్తారు, ఊరంతా వస్తారు, పచ్చి బాలింతని నిద్ర పోనియ్యరు) రెండు పొరలదైతే పైన ఏమీ తెరిచినట్టే కనపడదు, హాల్లో కూచుని కూడా ఇయ్యొచ్చు.

కనిగిరి పిన్ని:
మీ అత్తమ్మ మాట తీసెయ్యొద్దు పాపా, చీరే అన్నిటికన్నా సులువు, మేమందరం అట్టే పెంచాం. కాకపోతే ఇప్పటి జాకెట్లకి ఛాతీ కింద బెల్టు బిగుతుగా పెడతారు, పాలు నిండినప్పుడు అది నొక్కుకుంటది. ఉయ్యాల ఫంక్షన్‌కి జాకెట్టు కుట్టించుకునేటప్పుడు బెల్టు లేకుండా, లోపల కాటన్ లైనింగ్ వేసి, పక్కలకి రెండేసి కుట్లు వేయించు, పెద్దదైతే ఒకటి విప్పుకోవచ్చు. కింది రెండు హుక్కుల బదులు టిచ్ బటన్లు పెట్టమను, ఒక లాగు లాగితే ఊడొస్తాయి, పైన హుక్కులు అట్టే ఉంటాయి. ఆపరేషన్ అయితే మాత్రం మీ వదిన చెప్పింది నిజం, కుట్లు తగ్గేదాకా బొందు లంగా కష్టం, నైటీలే మేలు. పాత బనీన్లు పారెయ్యకుండా నాలుగించీల గుండ్రాలు కోసి మూడు నాలుగు పొరలు కలిపి కుట్టిపెట్టుకో, పాలు కారితే పీల్చుకునేటట్టు లోపల పెట్టుకోడానికి పనికొస్తాయి, ఉతికి ఎండలో ఆరేసుకోవచ్చు.

కావలి కోడలు:
అందరికీ థ్యాంక్స్ అక్కలూ, పిన్నీ మీ బనీన్ల ఐడియా అమ్మకి చెప్పా, అప్పుడే నాన్నవి వెతకతా ఉంది. నైటీలకి జిప్పు, బయటికి వేసుకునే కుర్తీలకి రెండు పొరలు అనుకుంటున్నా. మిషనక్కా, కొలతల సంగతి చెప్పలా మీరు?

ఒంగోలు మిషనక్క:
మర్చిపోలా, బిజీగా ఉన్నా. నైటీలు ఇప్పుడే కుట్టేసుకో, ఒక్కోదానికి మూడు మీటర్లు సరిపోద్ది, అవి లూజే గాబట్టి కొలత పెద్ద సమస్య కాదు. కాన్పయ్యాక మూడో రోజు నాలుగో రోజు పాలు పడతాయి, అప్పుడు ఛాతీ బాగా పెరుగుద్ది, కొన్ని వారాలకి గాని ఒక కొలతకి రాదు. అందుకని కుర్తీలు కోసి, భుజాలు మెడ చేసి, పక్కలు మాత్రం కుట్టకుండా మడిచి పెట్టుకో. బిడ్డకి నెల నిండాక కొలుచుకో, అదీ పాలివ్వక ముందు నిండుగా ఉన్నప్పుడు, ఇచ్చాక కొలిస్తే బిగుతైపోద్ది. పక్కలు మీ అమ్మ చేత కుట్టించు, నువ్వు మిషన్ తొక్కబాక అప్పుడే. ఆ కాటన్ కొయ్యక ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి నీడన ఆరేసి ఇస్త్రీ చెయ్, కొత్త కాటన్ ముడుచుకుంటది. జిప్పు లాగే దానికి రెండించీల రిబ్బన్ ముక్క కట్టు, చీకట్లో చేతికి తగులుద్ది, గూడూరమ్మాయి గొడవ కూడా తీరిపోద్ది.

గూడూరు అమ్మడు:
రిబ్బన్ సంగతి నాకు అప్పుడు చెప్పుండాల్సింది అక్కా 😀 అయినా నేను రెండు పొరలకే ఓటు.