బయటి గోడల ప్లాస్టరింగ్ మేస్త్రీకి ఇస్తున్నాం, ముందే ఏమేం మాట్లాడుకోవాలి?

కరీంనగర్_కొత్తిల్లు:
జీ ప్లస్ వన్ ఇల్లు. ఇటుక పని అయిపోయింది. బయటి ప్లాస్టరింగ్ లేబర్ కాంట్రాక్టుకి మాట్లాడుతున్నాం. మేస్త్రీ చదరపు అడుగుకి 30 రూపాయలు అంటున్నాడు, సగం డబ్బు ముందే కావాలట. కాగితం రాసుకుందామంటే "నమ్మకం లేదా సార్" అని నొచ్చుకుంటున్నాడు. అడ్వాన్సు ఎంత ఇవ్వొచ్చు? రోబో ఇసుకా, మానేరు ఇసుకా? గోవ కర్రలు (ఎత్తు పనికి నిలబడటానికి కట్టే పరంజా) ఎవరు తేవాలి? కిటికీలు, తలుపులు కొలతలో తీసేస్తారా? రోజూ సైటు దగ్గర ఉండేది మా నాన్నగారు, ఆయన ఏం చూడాలో కూడా చెప్పండి.

గుంటూరు_అమ్మాయి:
సగం అడ్వాన్సు వద్దే వద్దండి. మా మేస్త్రీ డబ్బు తీసుకుని వీధి వైపు గోడ ఒక్కటి చేసి, మనుషులందర్నీ ఇంకో సైటుకి తోలుకుపోయాడు. ఫోన్ చేస్తే "రేపు వస్తామమ్మా". వానాకాలం మొత్తం పూత లేని ఇటుక గోడ నానింది. వేరే మేస్త్రీని పిలిస్తే సగంలో ఆగిన పని ముట్టుకోను అన్నాడు. గోవ కట్టాక కొంత, ఒక్కో గోడ పూర్తయ్యాక కొంత ఇవ్వండి. చివరి పదో వంతు మాత్రం నీళ్లు కొట్టడం అయ్యి, గోడ మొత్తం తట్టి చూసుకున్నాకే.

ఫ్రీమాంట్_నుంచి:
మా దగ్గర ఇల్లంతా స్టకో, అంటే బయటి గోడ ప్లాస్టరింగే. కాలిఫోర్నియాలో ఇంటి పనికి కాంట్రాక్టర్ ముందుగా తీసుకోగలిగేది 1,000 డాలర్లు లేదా మొత్తంలో 10 శాతం, రెండింట్లో ఏది తక్కువైతే అది. అంతకు మించి అడిగితే చట్టవిరుద్ధం. ప్లాస్టరింగ్‌కి సీ-35 అని వేరే లైసెన్సే ఉంది, నంబరు కొడితే రాష్ట్ర బోర్డు సైట్లో అతని చరిత్ర కనిపిస్తుంది. మీరూ లైసెన్సు చూడకుండా ఇవ్వకండి.

గుంటూరు_అమ్మాయి:
అన్నయ్యా, ఇక్కడ తాపీ మేస్త్రీకి లైసెన్సు ఇచ్చే బోర్డు ఎక్కడుంది? అతను ఏడాది క్రితం చేసిన ఇల్లు ఒకటి, ఈమధ్య చేసింది ఒకటి చూపించమనాలి. ఏడాది దాటిన గోడ మీద పగుళ్లు చూస్తే చాలు. ఆ ఇంటావిడతో మేస్త్రీ పక్కన లేనప్పుడు మాట్లాడాలి.

ఉక్కునగరం:
అందరూ డబ్బు గురించే చెబుతున్నారు, ఇసుక సంగతి ఎవరూ చెప్పట్లేదు. మాకు ఎవరో వాగు ఇసుక అని తోలారు. రెండేళ్లకే పెయింటు కింద తెల్లగా ఉప్పు పొంగి పొలుసులు పొలుసులుగా రాలింది. లారీ దిగకముందే పరీక్ష చేయండి. గాజు సీసాలో సగం దాకా ఇసుక పోసి, చెంచాడు ఉప్పు కలిపిన నీళ్లు ముప్పావు వంతు దాకా నింపి, బాగా కుదిపి మూడు గంటలు కదపకుండా ఉంచండి. అడుగున ఇసుక, దాని మీద మట్టి పొర తేరుకుంటుంది. ఇసుక 10 సెంటీమీటర్లుంటే మట్టి 8 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే లారీ వెనక్కి పంపండి. ఇది మట్టి పరీక్ష మాత్రమే, ఉప్పు దీనిలో తేలదు. సముద్రం పక్క ఇసుక అని అనుమానమొస్తే అసలు దించనివ్వకండి.
రోబో ఇసుకైతే ప్లాస్టరింగ్‌కి విడిగా జల్లించి కడిగింది అడగండి. క్రషర్ డస్ట్‌నే (కంకర మిల్లు దుమ్ము) రోబో ఇసుక అని తోలేవాళ్లు చాలామంది ఉన్నారు. డస్ట్ ఎక్కువైతే గోడంతా వెంట్రుకవాసి పగుళ్లే.

రిటైర్డ్_ఏఈ:
ఆర్ అండ్ బీలో 30 ఏళ్లకు పైగా చేశాను. కొలతల గురించి అడిగారు కాబట్టి ఐఎస్ 1200 (కట్టడం పనుల కొలతలకి భారత ప్రమాణాల కోడ్), 12వ భాగం ఏం చెబుతుందో రాస్తున్నాను. అర చదరపు మీటరు లోపు రంధ్రాలకు తీసివేత లేదు. అర నుంచి 3 చదరపు మీటర్ల వరకు, గోడకు రెండు వైపులా ఒకే పూత అయితే ఒక వైపే తీసెయ్యాలి. అంచుల పనికి వేరే లెక్క ఉండదు. 3 చదరపు మీటర్లు దాటితే రెండు వైపులా తీసేసి అంచులు విడిగా కొలవాలి. అంటే 4×4 అడుగుల కిటికీకి ఒక వైపు తీయాలి. 7×7 స్లైడింగ్ తలుపుకి రెండు వైపులా తీయాలి. చాలామంది మేస్త్రీలు ఏదీ తీయకుండా గోడంతా లెక్కకట్టి డబ్బు తీసుకుంటున్నారు.

తాపీ_పని_మాది:
సార్, గవర్నమెంటు బిల్లు లెక్క ఇంటి పనిలో నడవదు. నేను 18 ఏళ్లుగా తాపీ పట్టుకున్నవాడిని. సాదా గోడ మీద మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) కొట్టి బద్ద లాగడం ఎంతసేపు? కిటికీ చుట్టూ నాలుగు అంచులకీ బద్ద కట్టాలి, గుండు వేసి తూకం చూడాలి, మూల చెడకుండా దిద్దాలి, కింద నీళ్లు జారేలా వాలు ఇవ్వాలి. ఆ ఖాళీలో మిగిలిన మాలు కంటే అంచుల కూలే ఎక్కువ. తీసెయ్యాలంటే అంచులు రన్నింగ్ ఫుట్ (పొడవు అడుగు) లెక్కన ఇవ్వండి.

రిటైర్డ్_ఏఈ:
అందుకే కదా ఒక వైపు వదిలేసేది! అంచుల కూలి అందులోనే ఉంది. కోడ్ చదవకుండా వాదించకండి.

తాపీ_పని_మాది:
కోడ్ చదివే మనిషి ఒక్కరోజు గోవ ఎక్కి చూడండి సార్. ఈయన అడుగుతున్నది బయటి పని ఒక్కటే. లోపల పని వేరేవాళ్లకు ఇస్తే మీ "ఒక వైపు" ఎవరి లెక్కలోంచి పోతుంది? నా లెక్కలోంచే తీస్తారు, అంచులు మాత్రం నేను చెయ్యాలి.

రిటైర్డ్_ఏఈ:
ఒక వైపు పనికి కోడ్‌లో వేరే నిబంధన ఉంది. చౌకట్టు ఏ వైపుకి జరిగి ఉందో, అంచు వెడల్పు ఏ వైపు తక్కువో చూసి తేలుస్తారు. చౌకట్టు లోపలికి ఉండి బయట అంచు ఎక్కువైతే ఆయనకి తీసివేత లేదు. ఆ మాట వరకు మీరు చెప్పింది ఒప్పే. కానీ స్లైడింగ్ తలుపు మొత్తం గోడ కింద కొలవడం మాత్రం దోపిడీ.

తాపీ_పని_మాది:
దోపిడీ అనే మాట వెనక్కి తీసుకోండి సార్. ఎండలో పనిచేసేవాడిని పట్టుకుని అనే మాట కాదు.

హన్మకొండ_మామ:
ఇద్దరూ పెద్దవాళ్లే, ఇక ఆపండి. తమ్ముడూ, పని మొదలవ్వకముందే ఏ కిటికీ తీస్తారో, ఏది ఉంచుతారో గోడగోడకీ రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టుకోండి. అంతకంటే ముందు చూడాల్సింది పిల్లర్‌కీ ఇటుక గోడకీ మధ్య అతుకు. అక్కడ చికెన్ మెష్ (సన్న తీగ జాలీ) కొట్టకపోతే ఎంత మంచి మాలు వేసినా నిలువు పగులు వస్తుంది. అతుకుకి అటూ ఇటూ జానెడు వెడల్పు ఉండాలి. కాంక్రీటు నున్నగా ఉంటే ఉలితో గాట్లు పెట్టించాలి. మాకు ఆ పని ఎగ్గొట్టారు, మెట్ల దగ్గర పలకలుగా ఊడి పడింది. పిల్లలు ఆడుకునే చోటు. ఇప్పటికీ తలుచుకుంటే కోపం వస్తుంది.

కరీంనగర్_కొత్తిల్లు:
చాలా థాంక్స్ మామా. మరి గోవ కర్రల సంగతి?

హన్మకొండ_మామ:
కర్రలు ఎవరివైనా, మనిషి పడితే ఆస్పత్రి ఖర్చు ఎవరిదో ముందే రాయించు. మా వీధిలో ఆ గొడవ పోలీస్ స్టేషన్ దాకా పోయింది.

సిమెంటు_బ్లాకుల_ఇల్లు:
మాది ఏఏసీ బ్లాకుల (లోపల గాలి బుడగలుండే తేలిక సిమెంటు బ్లాకులు) ఇల్లు. మాకూ ఇదే పద్ధతా? మేస్త్రీ ఇటుకలాగే పైపు పెట్టి తడిపేస్తున్నాడు.

రిటైర్డ్_ఏఈ:
ఏఏసీకి అంత తడి వద్దు, దుమ్ము దులిపి పైపైన చల్లితే చాలు. ముద్దగా తడిపితే ఆరేటప్పుడు బ్లాకు ముడుచుకుని పగులుతుంది. దానికి రెడీమిక్స్ ప్లాస్టర్ మేలు. మామూలు ఇటుక గోడ మాత్రం ముందురోజే బాగా తడపాలి, లేకపోతే మాలులో నీళ్లన్నీ ఇటుకే పీల్చేస్తుంది.

ఉక్కునగరం:
నాన్నగారు చూడాల్సింది ఇంకోటి ఉంది. సాయంత్రం ఐదు దాటాక పని త్వరగా ముగించాలని తడి గోడ మీద పొడి సిమెంటు చల్లి తాపీతో రుద్దుతారు. అద్దంలా మెరుస్తుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఎండ తగిలాక దాని మీదే సాలెగూడులా పగుళ్లు లేస్తాయి. కలిపిన మాలు గంటలకొద్దీ వదిలేసి మళ్లీ నీళ్లు పోసి వాడటం కూడా అంతే చెడ్డది. మధ్యాహ్నం భోజనానికి పోయేముందు తట్టలో ఎంత మిగిలిందో చూడమనండి.

తాపీ_పని_మాది:
పొడి సిమెంటు చల్లేవాళ్లు ఉన్నారు, కాదనను. మా మనుషులు చల్లితే నేను కూలి కోస్తాను. ఓనర్లు కూడా ఒకటి చూడాలి. బయటి పూత రెండు పొరలు, మొత్తం 20 మిల్లీమీటర్లు రావాలి. ఇటుక గోడే వంకరగా కట్టి ఉంటే ఒకచోట రెండు అంగుళాలు కూడా పడుతుంది. ఆ ఎక్కువ సిమెంటు మేం తిన్నామంటారు. పని ఇవ్వకముందే గోడకి దారం పట్టి చూసుకోండి.

కరీంనగర్_కొత్తిల్లు:
దారం రేపే పట్టిస్తాం అన్నా. నీళ్లు కొట్టడం ఎవరు చెయ్యాలి? మీ మనుషులేనా?

తాపీ_పని_మాది:
లేబర్ రేటులో నీళ్లు ఉండవు, ఎక్కడైనా ఓనరే చూసుకుంటాడు. కనీసం ఏడు రోజులు, పీపీసీ (బూడిద కలిసిన) సిమెంటైతే పది, ఎండాకాలం రోజుకి మూడుసార్లు. పడమటి గోడకి ఇంకోసారి ఎక్కువ. మా కుర్రాడే కొట్టాలంటే రోజుకూలి వేరే. అదీ కాగితంలో రాయండి. నా పేరు చెప్పుకునే గోడ నీళ్లు లేక పాడైతే నాకూ బాధే.

గుంటూరు_అమ్మాయి:
కరెంటు పైపుల కోత ప్లాస్టరింగ్‌కి ముందే అయిపోయిందా? మా ఇంట్లో ఏసీ పైపుకని బయటి గోడ మళ్లీ పగలగొట్టారు. అతుకు వేసిన చోటే ఇప్పుడు చెమ్మ.

కరీంనగర్_కొత్తిల్లు:
ఏసీ పైపు ఇంకా తేల్చలేదండి. ఎలక్ట్రీషియన్‌కి ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.