బొల్లి మీద హారిస్ పరిశోధన మనకు పనికొస్తుందా?

ఆదోని_పత్తి: అమెరికాలో మసాచుసెట్స్‌లో జాన్ హారిస్ అనే చర్మవైద్యుడు చాలా ఏళ్లుగా బొల్లి మీదే పని చేస్తున్నాడు. ఆయన బృందం 2014లో అచ్చువేసిన పేపర్ సంగతి ఇది. ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన టి కణాలే చర్మానికి రంగిచ్చే కణాల మీద పడి చంపుతాయి. వాటిని అక్కడికి రప్పించేది సీఎక్స్‌సీఎల్10 అనే ప్రోటీన్. ఎలుకల్లో దాన్ని అడ్డుకుంటే పోయిన రంగు తిరిగొచ్చింది. 2018 పేపర్ ఇంకా ముఖ్యం. కొన్ని టి కణాలు చర్మంలోనే పాతుకుపోతాయి. మందు ఆపితే అదే చోట మళ్లీ తెల్లబడేది అందుకే. కర్నూలులో ఇప్పటికీ చేపలు తిని పాలు తాగావా అని అడుగుతారు, కుష్టుతో కలిపేసి పక్కన కూర్చోరు. ఇది అంటదు. ఈ పేపర్ల సంగతి అందరికీ తెలియాలి.

కడప_వీరన్న: ఎలుకల్లో పని చేసి మనుషుల్లో చెయ్యని మందులు ఎన్ని లేవు! ఊరికే ఆశ పెట్టొద్దన్నా.

ఆదోని_పత్తి: మనుషుల దాకా వచ్చింది వీరన్నా. ఆ టి కణాల సంకేతాలనే అడ్డుకునే రుక్సోలిటినిబ్ క్రీముకు 2022 జులైలో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది, 12 ఏళ్లు దాటినవాళ్లకు. 24 వారాలకు ముఖం మీద 75 శాతం రంగు తిరిగొచ్చినవాళ్లు 100కి సుమారు 30 మంది. మందు లేని క్రీము రాసినవాళ్లలో 10 మంది, అటూ ఇటూగా.

కడప_వీరన్న: అంటే 70 మందికి పని చెయ్యలేదు. మీరే ఒప్పుకున్నారు.

ఆదోని_పత్తి: లేదు. 75 శాతం అనే గీత దాటనివాళ్లు ఆ 70 మంది. అందులో సగం రంగు వచ్చినవాళ్లూ ఉంటారు.

కడప_వీరన్న: 70 మందికి పని చెయ్యలేదు. అక్కడ 60 గ్రాముల ట్యూబు దాదాపు 2,000 డాలర్లు. మా అక్కకు ఒకాయన బావంచాల నూనె ఇచ్చాడు. రాసుకుని మిద్దె మీద ఎండలో కూర్చోమన్నాడు, ఎంతసేపో చెప్పలేదు. సాయంత్రానికి వేళ్ల నిండా బొబ్బలు. అన్నం కలుపుకోలేకపోయింది, అమ్మే ముద్దలు పెట్టింది.

తుంగభద్ర77: బావంచాల్లో సోరాలెన్ ఉంటుంది. అది పడిన చర్మం ఎండకు ఊరికే కాలుతుంది. ఆస్పత్రుల్లో ఇప్పుడిచ్చే 311 నానోమీటర్ల అతినీలలోహిత లైటుకు ఆ మందే అక్కర్లేదు.

ఆదోని_పత్తి: మరి ఆ నూనె చేసిన పాపానికి పరిశోధనను తిడతారా? నాకు పెదాల మీద ఉంది. చదవకపోతే నేనూ ఆ నూనే రాసుకుందును.

కడప_వీరన్న: మీరు మగవాళ్లు, ఉద్యోగం ఉంది, చదువుకుంటారు. మా ఇంట్లో ఏం జరుగుతుందో తెలుసా? సంబంధం వచ్చిన ప్రతిసారీ ముందే చెప్పాం, చెప్పిన ప్రతిసారీ వెనక్కిపోయారు. ఇప్పుడు ఎవరో మీలాంటి పోస్టు పంపిస్తే, కొత్త మందు వస్తుందంట, అది తగ్గాక చూద్దాం అంటోంది అమ్మ. ఏళ్లు పోతున్నాయి.

నంద్యాల_రవి: ఇద్దరూ కాస్త తగ్గండి.

అనంత_లక్ష్మి: తగ్గాక పెళ్లి అనేదే తప్పు. నాకు మెడ మీద ఉంది. ఆ మచ్చతోనే చేసుకున్నా. మందు వాడాలా వద్దా అన్నది నా ఇష్టం, సంబంధాల కోసం కాదు. వీరన్నా, అక్కను అడిగారా ఆమెకేం కావాలో?

కడప_వీరన్న: అడక్కుండా ఉంటామా. వదిలెయ్యండి అంటుంది. అమ్మ వినదు.

తుంగభద్ర77: ఒక మాట. రంగు కణాలు తిరిగి పుట్టేది ఎక్కువగా వెంట్రుకల కుదుళ్ల నుంచి. అందుకే ముఖం బాగా మారుతుంది, వేళ్ల చివర్లు మొండికేస్తాయి. ఏ మందైనా అంతే.

కడప_వీరన్న: ఈ మాట మాకు ఇన్నాళ్లూ ఒక్క డాక్టరూ చెప్పలేదు. ఆదోని అన్నా, పేపర్ గురించి రాసినప్పుడు ఇది పైనే రాయండి. ఆ 30 మంది లెక్క ముఖానిది. మా అక్కకున్నది వేళ్ల మీద.