కాలిన బోరు మోటారును చుట్టించాలా, కొత్తది దించాలా?

నల్గొండ బత్తాయి రైతు:
మా తోటలోని ఐదు హార్స్‌పవర్ బోరు మోటారు రెండోసారి కాలిపోయింది. వైండింగ్ షాపులో అడిగిన కూలి, తీగ ఖర్చు కలిపినా కొత్త సెట్టు (మోటారు, పంపు కలిపి) ధరలో మూడో వంతుకు మించడం లేదు. ఒకసారి చుట్టిన మోటారును మళ్లీ నమ్మకూడదని, కొత్తది దించడమే మేలని మా తమ్ముడు పట్టుబడుతున్నాడు. కాయ మీద ఉన్న తోట ఎక్కువ రోజులు ఆగదు కాబట్టి తెలిసినవారు చెప్పగలరని మనవి.

విశ్రాంత విద్యుత్ ఇంజనీరు:
మీ తమ్ముడి మాటే సరైనదని నా అభిప్రాయం. పాత వైండింగ్‌ను కాల్చి తీసినప్పుడు స్టేటర్ (మోటారులో తిరగకుండా ఉండే, తీగ చుట్టే భాగం) రేకుల మధ్య ఉండే ఇన్సులేషన్ దెబ్బతింటుంది. ఆ తరువాత ఎంత బాగా చుట్టినా మోటారు ఎక్కువ వేడెక్కుతుంది, అంతే నీటికి ఎక్కువ కరెంటు లాగుతుంది. ఉచిత విద్యుత్తు వల్ల ఆ నష్టం మీ బిల్లులో కనిపించకపోయినా, అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్న మోటార్లన్నిటికీ లో వోల్టేజీ రూపంలో చేరుతుంది. ఐఎస్ఐ మార్కు, బీఈఈ స్టార్ లేబుల్ (కరెంటు పొదుపును తెలిపే నక్షత్రాల గుర్తు) రెండూ ఉన్న సెట్టు చూసి కొనండి.

వైండింగ్ మెకానిక్:
ఇంజనీరు గారు చెప్పినది వార్నిష్ పోసి తీగను గట్టిగా అతికించిన, నేల మీద ఉండే మోటార్లకు వర్తిస్తుంది. నీళ్లు నింపి బోరులో దించే మోటారులో వార్నిష్ ఉండదు. అందులో ప్లాస్టిక్ తొడుగు ఉన్న రాగి తీగను స్లాట్లలోంచి (స్టేటర్ గాడుల్లోంచి) చేత్తోనే లాగేస్తాం, చేత్తోనే చుడతాం. నిప్పుతో పనే లేదు. చుట్టిన మోటారు త్వరగా పోతున్నదంటే చాలాసార్లు గేజి (మందం) తగ్గించిన తీగో, నాసిరకం తొడుగో, దించే ముందు మోటారులో మంచినీళ్లు నిండుగా పోయకపోవడమో కారణం. అందుకే పాత తీగ ముక్క ఒకటి దగ్గర ఉంచుకుని, కొత్త తీగ గేజిని మీ ఎదుటే కొలవమని అడగండి.

అంతకంటే ముఖ్యంగా, రెండుసార్లు ఎందుకు కాలిందో ముందు చూడాలి. మూడు ఫేజుల కరెంటులో ఒక ఫేజు పోయినప్పుడు నడుస్తున్న మోటారు మిగిలిన రెండింటి మీద మోయలేని ఆంప్స్ (కరెంటు) లాగుతుంది. స్టార్టరులో రిలే (ఆంప్స్ ఎక్కువైతే మోటారును ఆపేసే పరికరం) ఊరికే పడిపోతున్నదని దాన్ని పనిచేయకుండా కట్టేసిన పెట్టెలు నేను ఎన్నో చూశాను. అది సరిచేయకుండా కొత్త మోటారు దించినా అదే గతి పడుతుంది.

నల్గొండ బత్తాయి రైతు:
మా స్టార్టరులో రిలే వైర్లు నేరుగా కలిపి ఉన్న మాట నిజమే. షాపులో మోటారు విప్పించి చూస్తే కింది బుష్ (తిరిగే ఇరుసును పట్టి ఉంచే గొట్టం) ఒకవైపు అరిగిపోయింది, స్టేటర్ లోపల గోరుకు తగిలేంత గీత పడింది.

వైండింగ్ మెకానిక్:
రోటరు (లోపల తిరిగే భాగం) స్టేటరును రాసుకుందన్నమాట. అలాంటిదాన్ని నేనైతే చుట్టను. మోటారు కొత్తది తీసుకోండి, పంపు మాత్రం పాతదే తగిలించవచ్చు.

విశ్రాంత విద్యుత్ ఇంజనీరు:
వార్నిష్ విషయంలో మెకానిక్ గారి సవరణను అంగీకరిస్తున్నాను. పంపు సంగతిలో మాత్రం ఏకీభవించలేను. బుష్ అరగడానికి ఇసుక కారణమై ఉండవచ్చు. అదే ఇసుక పంపులో నీటిని పైకి నెట్టే చక్రాలైన ఇంపెల్లర్లను కూడా తినేసి ఉంటుంది. పంపు విప్పించి ఇంపెల్లర్ అంచులు చూడనిదే దాన్ని కొత్త మోటారుకు తగిలించకండి. రిలే ఎలాగూ బిగిస్తారు కదా, దించిన రోజునే మూడు ఫేజుల ఆంప్స్ కొలిపించి, నేమ్‌ప్లేటు మీది అంకెకు తగినట్టు రిలేను సెట్ చేయించండి.