1×1 సెం.మీ. రేడియేషన్ ఫీల్డుకు పిన్‌పాయింట్ చాంబర్ ఒక మాట, డయోడ్ ఇంకో మాట చెప్తున్నయి. దేన్ని నమ్మాలె?

హన్మకొండ_ఫిజిసిస్ట్:
అందరికీ నమస్తే. హన్మకొండల ఒక ప్రైవేట్ ఆస్పత్రిల మెడికల్ ఫిజిసిస్టుగా చేస్తున్న, ఇది రెండో ఏడు. మెదడుల చిన్న గడ్డలకు స్టీరియోటాక్టిక్ (సన్నటి రేడియేషన్ బీమ్‌లను గడ్డ మీదనే గురిపెట్టే వైద్యం) మొదలుపెడదామని డాక్టర్ సార్ అంటున్నరు. మొదటి పేషెంట్ జనగామ దిక్కు నుంచి వచ్చిన ఒకామె. గడ్డ 1.1 సెం.మీ. అందుకే చిన్న ఫీల్డుల ఔట్‌పుట్ ఫ్యాక్టర్లు (10×10 సెం.మీ. ఫీల్డుతోని పోలిస్తే డోస్ ఎంత వస్తదో ఆ నిష్పత్తులు) మళ్ల కొలుస్తున్న.

మెషిన్ పగలు ఖాళీ ఉండదు, మూడు రాత్రులు కూసున్న. 6 ఎంవీ ఎక్స్‌రే బీమ్, వాటర్ ఫాంటమ్ (కొలత కోసం నీళ్ల తొట్టి), 10 సెం.మీ. లోతు, ఎస్‌ఎస్‌డీ (బీమ్ మూలం నుంచి నీళ్ల పైభాగం దాకా దూరం) 90 సెం.మీ. 10×10తోని పోలిస్తే 1×1కు 0.015 సీసీ పిన్‌పాయింట్ చాంబర్ (లోపల గాలి ఉండే చిన్న డిటెక్టర్) 0.628 ఇచ్చింది. షీల్డ్ లేని డయోడ్ (సిలికాన్ డిటెక్టర్) 0.672 ఇచ్చింది. నడుమ 7 శాతం తేడా! 3×3 కాడ మాత్రం రెండూ ఒక్కటే చెప్తున్నయి. తెలిసిన సీనియర్ ఒకాయన సగటు తీసి ప్లానింగ్ సిస్టమ్‌ల (డోస్ లెక్కకట్టే కంప్యూటర్‌ల) వేసెయ్యమన్నరు. నాకు మనసొప్తలేదు. ఏం చెయ్యాలె?

కరీంనగర్_మేడం:
సగటు మాత్రం వద్దు తమ్ముడూ. అవి రెండూ ఊరికే అటూ ఇటూ ఊగుతున్న అంకెలు కావు. ఒకటి తక్కువ చూపెట్టనీకి, ఒకటి ఎక్కువ చూపెట్టనీకి వేరువేరు కారణాలున్నయి. సగటు తీస్తే ఆ కారణాలు రెండూ అట్లనే ఉంటయి, కనబడకుండ పోతయి అంతే.

1×1ల బీమ్ పైభాగం సాపుగ ఉండదు, గుమ్మటం లెక్క ఉంటది. నడుమకెల్లి పక్కకు పోయిన ఎలక్ట్రాన్ల జాగకు బయట నుంచి వేరేవి రావు. చాంబర్ ఏమో తన గుంత మొత్తంల పడ్డదాన్ని కలిపి చెప్తది, శిఖరం తగ్గిపోతది. డయోడ్ల సిలికాన్ నీళ్లకంటే చిక్కన, అందుకే చిన్న ఫీల్డుల ఎక్కువ పలుకుతది.

ముందుగాల ఒకటి చెప్పు. చాంబర్‌ను లేజర్ చూసి పెట్టినవా, ప్రొఫైల్ (బీమ్ అడ్డంగ డోస్ ఎట్ల మారుతదో చూపెట్టే గీత) తీసి పెట్టినవా? లేజర్ సాలదు. 10 సెం.మీ. లోతులనే అడ్డం, నిలువు రెండు ప్రొఫైళ్లు తియ్యి. శిఖరం యాడ ఉంటే ఆడికి చాంబర్‌ను జరుపు. ఆ ప్రొఫైళ్లలనే సగం ఎత్తు కాడ వెడల్పులు చూడు, రెండిటిని గుణించి వర్గమూలం తియ్యి. అదే నీ అసలు ఫీల్డ్ సైజు. టీఆర్ఎస్ 483 (చిన్న ఫీల్డులు కొలిచే అంతర్జాతీయ నియమావళి) పట్టికల నీ డిటెక్టర్ కరెక్షన్ ఆ సైజుకే చూడాలె, స్క్రీన్ మీద నువ్వు కొట్టిన 1.0కు కాదు.

ఇంకోటి, డయోడ్‌ను సీదా 10×10తోని పోల్చకు. పెద్ద ఫీల్డుల చెదిరిన తక్కువ ఎనర్జీ కిరణాలకు అది ఎక్కువ స్పందిస్తది. 10×10 నుంచి 4×4 దాకా చాంబర్‌తోని రా, ఆడికెల్లి కిందికి డయోడ్‌తోని పో.

ఇంత ఎందుకు చెప్తున్ననంటే, ఫ్రాన్స్‌ల టులూజ్ ఊర్ల 2006 ఏప్రిల్ నుంచి 2007 ఏప్రిల్ దాకా చిన్న ఫీల్డులను పెద్ద చాంబర్‌తోని కొలిచిన లెక్కల మీద వైద్యం నడిచింది. ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు జోకే కాంటా మీద పుస్తెలతాడు జోకినట్టు. రీడింగ్ తక్కువ వచ్చింది, బీమ్ బలహీనమనుకొని ప్లానింగ్ సిస్టమ్ మానిటర్ యూనిట్లు (మెషిన్ ఎంత రేడియేషన్ ఇయ్యాల్నో ఆ లెక్క) పెంచింది. 145 మంది పేషెంట్లకు ఎక్కువ డోస్ పడ్డది. నీ 0.628 కూడ అటు దిక్కే ఉన్నది.

నిజామాబాద్_ఫిల్మ్:
మేడం చెప్పినంక నాది చిన్న మాట. మూడో సాక్షిగా ఫిల్మ్ (రేడియేషన్ పడితే రంగు మారేది) పెట్టు తమ్మీ. అన్ని ముక్కలు ఒక్క షీట్లకెల్లే కొయ్యి. కోసే ముందే ప్రతి ముక్క మూలకు పెన్నుతోని గీత పెట్టు, స్కానర్ మీద దిక్కు మారితే అంకె మారుతది. క్యాలిబ్రేషన్ ముక్కలు 24 గంటలకు స్కాన్ చేస్తే ఇవి కూడ 24 గంటలకే, గాజు నడుమలనే.

అబ్సల్యూట్ డోస్ (నిష్పత్తి కాదు, అసలు డోస్) చూసినప్పుడు చాంబర్‌ల గాలి సవరణకు ప్రెషర్ ఫోన్ యాప్‌ల చూడకు. అది సముద్రమట్టానికి సవరించిన లెక్క, మనం రెండు వందల యాభై మీటర్ల పైన ఉన్నం. 3 శాతం దాకా అక్కడనే పోతది.

హన్మకొండ_ఫిజిసిస్ట్:
మేడం, లేజరే చూసి పెట్టిన. నిన్న రాత్రి ప్రొఫైల్ తీస్తే చాంబర్ శిఖరానికి 1.5 మి.మీ. పక్కకున్నది. స్క్రీన్ మీద ఆ గుమ్మటం, దాని వాలు మీద నా చాంబర్. చూస్తుంటె కడుపుల దేవినట్టయింది. ఆమె ఫైల్ పక్క టేబుల్ మీదనే ఉన్నది.

జరిపినంక పిన్‌పాయింట్ 0.649, కరెక్షన్ వేస్తే 0.665. డయోడ్ 4×4 మీదుగ 0.684, కరెక్షన్ తోని 0.670. ఫిల్మ్ ఇయ్యాల పొద్దున స్కాన్ చేసిన, 0.668. డాక్టర్ సార్‌కు మూడు కాగితాలు చూపెట్టి, ఆమెకు వైద్యం ఒక వారం వెనుకకు జరపమన్న. ఒప్పుకున్నరు.

0.6 సెం.మీ. ఫీల్డ్ కూడ ఇట్లనే కొలవచ్చునా?

కరీంనగర్_మేడం:
ఆ సైజుకు పిన్‌పాయింట్ పక్కన పెట్టు. కరెక్షన్ 5 శాతం దాటే డిటెక్టర్‌ను వాడొద్దు. డయోడ్, ఫిల్మ్ రెండు కలిస్తేనే ముందుకు పో. కలవకపోతే 1 సెం.మీ. కంటే కిందికి మేం చెయ్యమని డాక్టర్‌కు రాసి ఇయ్యి. వారం అయినంక ఆమె ప్లాన్‌ను ఫాంటమ్ మీద కొలిచి ఇక్కడ పెట్టు, చూస్త.