స్పిట్-ఆఫ్‌ను ‘చూడి పరీక్ష’ అనవచ్చా?

ప్రశ్న: ఒంటె జాతికి చెందిన అల్పాకా, లామాల పెంపకంలో ‘స్పిట్-ఆఫ్’ అని ఒకటుంది. జత కట్టిన ఆడదాని దగ్గరికి కొన్నాళ్లకు మళ్లీ మగదాన్ని తెస్తారు. మొహాన ఉమ్మి తరిమేస్తే కట్టినట్టే అంటారు. తెలుగులో ‘చూడి పరీక్ష’ అనేయవచ్చా?

జవాబు: వద్దండి. ఆ ఉమ్మి చెప్పేది ఒంట్లో ప్రొజెస్టెరాన్ (చూడిని నిలిపే హార్మోన్) ఉందని, కడుపులో పిల్ల ఉందని కాదు. వీటికి ఆవుకులా 21 రోజులకోసారి ఎద రాదు. జత కట్టాకే, ఒకటి రెండు రోజుల్లో అండం విడుదలవుతుంది. ఆ చోట ఏర్పడే కార్పస్ లూటియం అనే తాత్కాలిక గ్రంథి, చూడి ఉన్నా లేకపోయినా వారం పైగా ప్రొజెస్టెరాన్ ఇస్తుంది. కాబట్టి 7వ రోజున ఉమ్మితే అండం విడుదలైందనే అర్థం. చూడి లేకపోతే అది కరిగిపోయి, 14వ రోజుకు ఆడది మగదాన్ని చూడగానే జతకు ఒప్పుకుని కాళ్లు మడిచి కూర్చుంటుంది. అప్పుడు కూడా చెవులు వెనక్కి వాల్చి, ఉమ్మి, తన్ని పారిపోతే చూడి కావచ్చు. ‘కావచ్చు’ మాత్రమే, ఎందుకంటే కార్పస్ లూటియం కరగక మిగిలిపోయినా ఇదే వరస. మెతక స్వభావం ఉన్నదైతే చూడితో ఉండి కూడా కూర్చుంటుంది.

మరొకరు: ‘ఉమ్మి పరీక్ష’ అన్నా తప్పే. ఉమ్మిని సీసాలో పట్టి ల్యాబుకు పంపుతారనుకుంటారు. ‘ఉమ్మి తరిమే పరీక్ష’ అంటే అయోమయం ఉండదు.

ప్రశ్న: మరి ‘కట్టింది’ వాడుకోవచ్చా?

జవాబు: అసలు చిక్కు అక్కడే ఉంది. ‘జత కట్టింది’, ‘చూడి కట్టింది’ రెండూ ఉన్నాయి కాబట్టి ఉత్త ‘కట్టింది’ అని రికార్డులో రాస్తే ఏదో తెలియదు. మొదటి రోజుకు ‘జత కట్టింది’ అని పూర్తిగా రాయండి. 45-60 రోజుల మధ్య పొదుగు ముందర, బొచ్చులేని చోట స్కానింగ్ ప్రోబ్ ఆనించి పిల్ల గుండె కొట్టుకోవడం చూశాకే ‘చూడి కట్టింది’ అనండి. 21వ రోజు రక్తంలో ప్రొజెస్టెరాన్ చూడటం కూడా ఊతమే గాని రుజువు కాదు.

మరొకరు: మొదటి రెండు నెలల్లో పోయేవి చాలా ఉంటాయి. వాటికి ‘ఈసుకుపోయింది’ అనకండి, ఆ మాట బయటపడ్డ పిండానికి. ఇక్కడ కంటికేమీ కనబడదు, లోపలే కరిగిపోతుంది. ‘చూడి నిలవలేదు’ అనండి. 60 రోజులు దాటి మళ్లీ స్కానింగ్‌లో కనబడితే ‘చూడి నిలిచింది’. ఈనే తేదీ లెక్క మాత్రం జత కట్టిన రోజు నుంచే: సుమారు పదకొండున్నర నెలలు, రెండు మూడు వారాలు అటూ ఇటూ.