షార్జా నుంచి ఇంటికి మాట్లాడటానికి ఏ ఇంటర్నెట్ కాలింగ్ ఆప్ మేలు?

నమస్కారం. మా తమ్ముడు షార్జాలో భవన నిర్మాణ పని చేస్తూ, పని ముగిశాక రాత్రిపూట జగిత్యాల దగ్గరి మా ఊళ్ళో ఉన్న అమ్మతో మాట్లాడుతుంటాడు. అంతర్జాతీయ నిమిషాలకే జీతంలో చాలా భాగం పోతోంది. ఇక్కడ మాకు వాట్సాప్ కాల్ ఉచితమే అయినా, యూఏఈలో దానిలో సందేశాలు వెళ్తాయి గానీ మాటల కాల్ కలవదు. అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ అనుమతించిన బోటిమ్ వంటి ఆప్‌లనే వాడాలి.

ఫోను ఏ దేశంలో ఉందో దాచి, అడ్డుకున్న కాల్‌లను కలిపే వీపీఎన్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకొమ్మని కొందరు సలహా ఇస్తున్నారు. నేరానికి దాన్ని వాడితే 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హామ్‌ల జరిమానా విధించే చట్టం అక్కడ ఉంది కాబట్టి, పొట్టకూటికి వెళ్ళినవాడిని ఆ ప్రమాదంలోకి నెట్టడం నాకు ఇష్టం లేదు. దయచేసి ఆ సలహా వద్దు.

అక్కడ ఉంటున్నవారు చెప్పవలసినది ఇది: ఇలాంటి ఆప్‌లలో మాట్లాడటానికి అక్కడి టెలికాం కంపెనీలు అమ్మే ఇంటర్నెట్ కాలింగ్ ప్యాకేజీని సిమ్ మీద తీసుకోవడం మంచిదా, లేక క్యాంపు గదిలో నలుగురూ కలిసి వైఫై పెట్టుకుని దాని మీద తీసుకోవడం చవకా? ఆ ప్యాకేజీలో డేటా కలిసి వస్తుందా, విడిగా కొనాలా? అమ్మ దగ్గర ఉన్నది బటన్ల ఫోనే. ఆప్ నుంచి నేరుగా ఆ నంబరుకు చేస్తే నిమిషానికి ఎంత పడుతుందో, ఆమెకు ఒక చిన్న స్మార్ట్‌ఫోన్ కొనివ్వడమే నయమో కూడా తెలియజేయండి. మా ఊళ్ళో సిగ్నల్ బలహీనం కనుక, వీడియో లేకపోయినా మాట తెగకుండా వినిపిస్తే చాలు.